గంటసేపు పురుషుడు

యోగా శ్రీరంగప్పకు ఉన్నది ఒకటే జబ్బు. మనిషి నిలబడి ఉంటే చూడలేడు.

ఎదుటివాడు జిల్లా ఆఫీసు నుంచి దిగిన పెద్దమనిషైనా సరే, సైకిలు మీద కోడిపిల్లలు అమ్ముకునేవాడైనా సరే, రెండు కాళ్ళ మీద కనబడ్డాడంటే శ్రీరంగప్ప మొహం వాడిపోతుంది. చంకలో ఎప్పుడూ ఒక చుట్ట ఉంటుంది, గోనెపట్టల చుట్ట. అందులోంచి ఒకటి లాగి, దులిపి, నేల మీద పరిచి, "ముందు కూచోప్పా" అంటాడు. ఆ తర్వాతే ఏ మాటైనా. ఒకసారి యాడికి ఊరి బస్సులో కండక్టరును తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కండక్టరు లేచేసరికి రెండు స్టాపులు వెనక్కి పోయాయి, దిగినవాళ్ళందరూ టికెట్టు లేకుండానే దిగిపోయారు. ఇంకోసారి మేక పోయిందన్న కేసు మీద కానిస్టేబులొకాయన విచారణకు వచ్చి, గోనెపట్ట మీద కూర్చుని, సత్వ రజస్తమో గుణాల గురించి సాయంత్రందాకా విని, ఎందుకొచ్చాడో మరిచిపోయి వెళ్ళిపోయాడు. మేక దానంతటదే ఇంటికొచ్చింది.

నల్లగుట్లపల్లిలో ఎవరి పెండ్లి ఆల్బం తిరగేసినా ఒక వింత కనిపిస్తుంది. చుట్టాలంతా బారుగా నిలబడి ఉంటారు, మధ్యలో ఒకచోట మాత్రం నలుగురైదుగురు కింద కూర్చుని ఉంటారు. అక్కడ శ్రీరంగప్ప ఉన్నాడని అర్థం. ఫోటోగ్రాఫర్లు కూడా అలవాటు పడిపోయి, ఆ భాగాన్ని "సారు గుంట" అంటారు.

ఇలాంటి మనిషి ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో యోగా టీచరు. రోజుకొక గంట, సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా ఆయన క్లాసు.

ఆ కేంద్రానికి ఎస్తేరు నర్సుగా వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. పామిడిలో పుట్టి పెరిగిన మనిషి. రోగులతో ఓపికగా ఉంటుంది, మాత్రలు లెక్క తప్పనివ్వదు, అన్నీ మంచిగుణాలే. కానీ ఒక సంగతి సగం తెలిసి సగం తెలియకపోతే మాత్రం ఆమెకు అన్నం సహించదు. శ్రీరంగప్ప పరిచయమైన మొదటి రోజు నుంచీ ఆమెకు అన్నం సరిగ్గా సహించడం లేదు.

ఆ రోజు ఆమె హాజరు పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నమస్తే సార్. యోగా టీచరు మీరేనా?"

"కూచోమ్మా."

"పర్వాలేదు సార్, ఒక్క సంతకం..."

"సంతకం పారిపోదు. కూచో."

కూర్చుంది. రెండు నిమిషాలు ఆయన ఆమె కూర్చున్న తీరే చూశాడు. తర్వాత, "ఎట్లుండాది?" అని అడిగాడు.

"ఏది సార్?"

"నువ్వు చేస్తాండే ఆసనం."

"నేను ఊరికే కూర్చున్నాను సార్. దీన్ని ఆసనం అంటారా?"

"ఇంగేమంటారమ్మా? మీటింగుల్లో మైకు పట్టుకోని అందరూ ఆసీనులు కండి అంటారు. అంటే తలకిందులుగా నిలబడండని కాదు కదా. ఆసనమంటే కూచునేది. కదలకుండా, హాయిగా కూచునేది. మొదట్లో పెద్దోళ్ళు చెప్పింది అంతే. ఈ వంకరటింకరలన్నీ తర్వాతోళ్ళు చేర్చినవి."

ఎస్తేరుకు నవ్వొచ్చింది. ఆపుకుని పుస్తకం తెరిచింది. అందులో "ఈ రోజు నేర్పిన ఆసనం" అని ఒక గడి ఉంది. వెనక్కి తిప్పింది. ఇంకా వెనక్కి తిప్పింది. మూడేళ్ళుగా ఆ గడిలో ప్రతి రోజూ ఒకే మాట, గుండ్రటి అక్షరాలతో, ఓపికగా రాసి ఉంది. "కూచోడం."

అప్పటి నుంచి ఆమెను ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ఈ మనిషికి అసలు ఒక్క ఆసనమైనా వచ్చా, రాదా?

టీ హోటలు కుళ్ళాయప్పను అడిగితే ఆయన దగ్గర తయారుగా జవాబుంది. "రాదు మేడం. నేను రాసిస్తా. ఆయప్ప బళ్ళారి పక్క ఏదో యోగా ఆశ్రమంలో పదకొండేండ్లు వంట చేసినాడు. శాస్త్రం పాఠాలు వంటింటి కిటికీ పక్కనే జరిగేవంట. ఉల్లిగడ్డ తరుగుతా అన్నీ విన్నాడు. ఆసనాలు మాత్రం పొద్దున్నే అవతల హాల్లో జరిగేవి. ఆ టయానికి ఈయన ఉప్పిట్టుకు రవ్వ తిప్పుతాండె. అందుకే శాస్త్రం మొత్తం వచ్చు, కాలు ఎత్తేది మాత్రం రాదు."

ఎస్తేరు నేరుగా శ్రీరంగప్పనే అడిగింది. "మీరు ఆశ్రమంలో వంట చేసేవారంట, నిజమేనా సార్?"

"నిజమేనమ్మా. మూడొందల మందికి."

"మరి ఆసనాలు వచ్చా?"

"కూచోమ్మా, చెప్తా" అన్నాడు. ఆమె కూర్చుంది. అడిగేది మనసా, మనసును చూసేదా, ముందు అది తేల్చుకుందామని ఆయన మొదలుపెట్టాడు. అయిదున్నరకు లేచి ఇంటికి పోతుంటే దారిలో ఎస్తేరుకు గుర్తొచ్చింది, ఆయన జవాబు చెప్పలేదని.

ఇక క్లాసు సంగతి. ఆ ఊళ్ళో యోగాకు వచ్చేది ఇరవై ఆరు మంది ఆడవాళ్ళు. పొద్దున ఇంటి పని, ఆ పైన ఉపాధి పనిలో గుంతలు తవ్వడమో, ఎవరి చేలోనో కలుపు తీయడమో, వేరుశనగ బుడ్డలు పెరకడమో. నాలుగింటికి పారలూ తట్టలూ గోడకు ఆనించి, కేంద్రం వెనక నాపరాళ్ళు పరిచిన వసారాలో గోనెపట్టల మీద కూర్చునేవాళ్ళు. గోడకు ఆనుకోవచ్చు. కాళ్ళు చాపుకోవచ్చు. శ్రీరంగప్ప శాస్త్రం మొదలుపెట్టేవాడు. ఎస్తేరు కిటికీ ఇవతల మందుల అలమర సర్దుతున్నట్టు నటిస్తూ వినేది. ఆమెకూ కిటికీయే దిక్కయింది.

"యోగమంటే కలిపేది. ఎద్దుల్ని కాడికి కట్టినట్ల" అనేవాడు. "దానికి ఎనిమిది మెట్లు. మొదటి మెట్టులో అయిదు నియమాలుండాయి. ఒకర్ని బాధపెట్టకూడదు, అబద్ధం ఆడకూడదు, ఒకరి సొత్తు తీసుకోకూడదు, కోరికల్ని అదుపులో పెట్టుకోవాల, అక్కరకు మించి కూడబెట్టకూడదు."

"ఆ కడాది మేము పుట్టినపొద్దే ఎక్కేసినాం సార్" అంది రామాంజినమ్మ. ఆమె ఆ ఇరవై ఆరు మందిలో పెద్దది, నోరున్నది, యాభై దాటిన మనిషి. "కూడబెట్టేకి ఏముండాది ఈ నేలలో?"

ఇంకో రోజు ఆయన మనసును చెరువుతో పోల్చాడు. ఆలోచనలు అలలు. అలలు సద్దుమణిగితే అడుగు స్పష్టంగా కనిపిస్తుంది, అదే సమాధి అన్నాడు.

"మన చెరువులో ఎప్పుడు చూసినా అడుగే కనపడతాంది కదా సార్" అంది రామాంజినమ్మ. "దానికి సమాధి కుదిరి పన్నెండేండ్లాయె."

అందరూ నవ్వారు. శ్రీరంగప్ప కూడా నవ్వి, ఆ పోలిక అనంతపురం జిల్లాకు పనికిరాదని ఒప్పేసుకున్నాడు.

మరొకసారి ఆయన చూసేవాడు వేరు, కనిపించేది వేరు, ఆ రెండింటినీ విడదీసి తెలుసుకోవడమే యోగం అని చెబుతుంటే రామాంజినమ్మ చెయ్యెత్తింది. "సార్, మొన్న యోగమంటే కలిపేది అంటిరి. ఈ పొద్దు విడదీసేది అంటాండారు. ఏదో ఒకటి చెప్పండి."

శ్రీరంగప్ప ఆ రోజు, మరుసటి రోజు కూడా ఆలోచిస్తూనే ఉన్నాడు. కండక్టర్లు నిలబడి ఉన్నా గమనించలేదంటే ఎంత ఆలోచించాడో చూడండి. మూడోరోజు రామాంజినమ్మకే జాలేసింది.

"సార్, చేటతో చెరిగేటప్పుడు గింజలన్నీ ఒక పక్కకు చేరాలంటే పొట్టు ఎగిరిపోవాల. చేరేదీ, విడిపోయేదీ ఒకే విసురులో జరుగుతాది. అట్లాంటిదేమన్నానా?"

ఆయన రెండు చేతులూ జోడించాడు. "పదకొండేండ్లు విన్నాను తల్లీ. ఈ మాట ఎవరూ చెప్పలే" అన్నాడు. కిటికీ ఇవతల ఎస్తేరు చేతిలో మందు సీసాతో అలాగే నిలబడిపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ చేటను తలుచుకుంది.

అసలు గొడవ మొదలైంది జూన్ మొదటి వారంలో. ఆ రోజు పాఠం పేరు పురుషుడూ ప్రకృతీ.

"చూసేటోనికి శాస్త్రంలో పెట్టిన పేరు పురుషుడు. కనపడేదానికి పేరు ప్రకృతి" అన్నాడు శ్రీరంగప్ప. "పనంతా ప్రకృతిదే. నడిచేది, మోసేది, పుట్టించేది, పెంచేది అన్నీ ఆయమ్మే. పురుషుడు ఏమీ చేయడు. చూస్తా కూచుంటాడు."

వసారాలో వెనక వరుసలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"ఏమ్మా?" అన్నాడు ఆయన.

"ఏమీ లేదు సార్" అంది రామాంజినమ్మ. "ఇంత చిన్న సంగతి కనిపెట్టేకి అంత పెద్ద శాస్త్రమెందుకా అని. ఆ రాసిన మారాజు మా ఇంట్లోకి ఒకసారి తొంగిచూసింటే సరిపోయేది."

ఇరవై ఆరు మందీ పగలబడి నవ్వారు. ఒకామెకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎస్తేరు చేతిలో బీపీ మిషను జారింది. నవ్వు పూర్తిగా అయిపోయేదాకా శ్రీరంగప్ప ఆగాడు.

"ఆ పురుషుడు మొగోడని ఎవరు చెప్పినారమ్మా? ఆయన మొగా కాదు, ఆడా కాదు. అందరిలోనూ ఉండాడు. మీలోనూ ఉండాడు. మీకే ఆయనతో కూచునే టైము లేదు. అందుకే చెప్తాండా, నాలుగు నుంచి అయిదు దాకా ఈడ మీరే పురుషుడు. చేసేది ఏదైనా కానీ, ఎవరన్నా చేయనీ. మీరు చూస్తా కూచోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇరవై ఆరు మందీ ఏదో కొత్త చీర కట్టుకున్నట్టు కొంచెం సర్దుకుని కూర్చున్నారు.

ఆ రోజు అయిదుంబావుకు రామాంజినమ్మ ఇల్లు చేరి గడప మీద కూర్చుంది. మొగుడు ఎర్రప్ప మంచం మీద నుంచి, "యామే, రోంత నీళ్ళు తే" అన్నాడు.

"ఆగు. ఇంగా దిగలేదు."

"ఏమి దిగలేదు?"

"పురుషుడు."

ఎర్రప్ప మంచం మీద నుంచి లేచిన వేగం చూస్తే ఆయనకు నడుం నొప్పి అన్న మాట ఎవరూ నమ్మరు. పదేళ్ళుగా అదే చెబుతున్నాడు. అరగంటలో ఆరోగ్య కేంద్రం తలుపు దగ్గర ఉన్నాడు.

"నర్సమ్మా, మా ఇంటామెను పట్టుకునింది."

"ఏం పట్టుకుంది? జ్వరమా?"

"మొగ దయ్యం. పురుషుడంట. ఇంగా దిగలేదని ఆమే చెప్తాండాది. కళ్ళు అర్ధం మూసుకోని గడపలో కూచోనుంది. నీళ్ళడిగితే చూస్తాందే కాని లేయడం లేదు. ఇంజెక్షనుందా దీనికి?"

ఎస్తేరు ఆయన్ను కూర్చోబెట్టి, అది దయ్యం కాదు, క్లాసులో సారు చెప్పిన సాంఖ్య శాస్త్రమని వివరించింది. ఎర్రప్ప అంతా విని, "అయితే సాంఖ్యానికి ఇంజెక్షను లేదంటారు" అని దిగులుగా వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి ఊళ్ళో ఇరవై ఆరు గడపల మీద ఇరవై ఆరు మంది పురుషులు. సాయంత్రం ఇల్లు చేరాక పది నిమిషాల దాకా ఎవరు పిలిచినా "దిగనీ" అనే జవాబు. మగవాళ్ళు కుళ్ళాయప్ప హోటల్లో సమావేశమై ఒక అర్జీ రాయించారు. అర్జీలో ఉన్నది రెండే వాక్యాలు. "యోగా పేరుతో మా ఊరి ఆడవాళ్ళను పురుషులుగా మార్చుచున్నారు. తగు చర్య తీసుకోగలరని ప్రార్థన."

ఇలాంటి అర్జీ చూసి ఏ ఆఫీసరు ఊరుకుంటాడు? పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. జిల్లా అధికారి ప్రతాప్ గారు గురువారం నాలుగింటికి స్వయంగా వస్తారు. క్లాసులో సభ్యులచేత ఆసనాలు వేయించి చూపాలి. సంతృప్తికరంగా లేకపోతే వేరే టీచరును నియమిస్తారు.

ఎస్తేరు ఉత్తరం పట్టుకుని పరుగెత్తింది. "సార్, ఇంకా మూడు రోజులుంది. నాలుగు ఆసనాలు నేర్పండి వాళ్ళకు. చేతులు పైకెత్తడం, పక్కకు వంగడం, ఏదో ఒకటి."

"కూచోమ్మా."

"కూర్చోను. ఈ పని చేస్తానంటే కూర్చుంటాను."

శ్రీరంగప్ప ఉత్తరం రెండుసార్లు చదివాడు. మడిచి వెనక్కి ఇచ్చాడు.

"నా పని పోతే పోతాది. గంజి తాగి బతుకుతా. కానీ కొత్తగా వచ్చేటోడు వీళ్ళను నిలబెడతాడు కదమ్మా."

అంతే అన్నాడు. నిలబెడితే ఏమవుతుంది, అందరు టీచర్లూ నిలబెడతారు కదా అని ఎస్తేరుకు అర్థం కాలేదు. సగం తెలిసి సగం తెలియని సంగతి ఇంకొకటి చేరింది. ఆ మూడు రోజులూ ఆమె పస్తున్నట్టే లెక్క.

కుళ్ళాయప్ప మాత్రం తేల్చేశాడు. "చెప్తి కదా మేడం. రాదు కాబట్టే నేర్పడు. పాపం, వస్తే యాల నేర్పడు?"

గురువారం నాలుగింటికి జీపు వచ్చింది. ప్రతాప్ గారు ఆ పొద్దు అప్పటికే మూడు ఊళ్ళు చూసి వస్తున్నారు, మొహం నిండా దుమ్ము. ఆయన్ను ఎక్కడ కూర్చోబెట్టారో మీకు చెప్పక్కరలేదు. ఆయన గోనెపట్ట మీద కూర్చునే హాజరు పుస్తకం తిప్పారు. కూచోడం, కూచోడం, కూచోడం. ప్రహరీగోడ అవతల మగవాళ్ళంతా చేరారు, ఎర్రప్ప అందరికన్నా ముందు. కుళ్ళాయప్ప టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఇదేమిటండీ, మూడేళ్ళ నుంచీ ఒకటే ఆసనమా?" అన్నారు ప్రతాప్ గారు. "సరే, వీళ్ళచేత ఏదైనా వేయించండి చూద్దాం."

శ్రీరంగప్ప జవాబు చెప్పేలోపే రామాంజినమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది. వెనక తక్కినవాళ్ళందరూ లేచారు. ఆ ఆలోచన వాళ్ళకెప్పుడొచ్చిందో, ఏ గుంత తవ్వుతూ మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు.

"చూడండి సార్" అంది.

ఇరవై ఆరు మందీ మోకాలు వంచకుండా నడుం దగ్గర మడత పడి, రెండు అరచేతులూ నాపరాయి మీద ఆనించారు. ఆనించి అలాగే ఉన్నారు. యాభై దాటిన రామాంజినమ్మ నుదురు మోకాలికి తగులుతోంది. ప్రతాప్ గారితో వచ్చినాయన గబగబా ఫోను తీశాడు.

"అద్భుతం" అన్నారు ప్రతాప్ గారు. "ఏమంటారు దీన్ని?"

"కలుపాసనం సార్" అంది రామాంజినమ్మ, వంగినామె వంగినట్టే.

తర్వాత గొంతుకూర్చుని బుడ్డలాసనం వేశారు. నెత్తిన చెయ్యి పెట్టి మెడ కదలకుండా బిందాసనం వేశారు. తట్టలు అందుకుంటున్నట్టు చేయీ చేయీ కలిపి తట్టలాసనం వేశారు. ఒక్కరి ఒళ్ళూ తూలలేదు.

"ఎన్ని నెలల నుంచి అభ్యాసం చేస్తున్నారమ్మా?"

"నలభై ఏండ్లాయె సార్."

ప్రతాప్ గారు శ్రీరంగప్ప వైపు తిరిగి చెయ్యి కలపబోయారు. "ఇంత బాగా నేర్పి పుస్తకంలో కూచోడం అని రాస్తారేంటండీ? నేను చాలా చోట్ల చూశాను గానీ..."

ఇక్కడితో ఊరుకుని ఉంటే అంతా సుఖంగా అయిపోయేది. కానీ మొదటి మెట్టులో రెండో నియమం ఒకటుంది కదా, అబద్ధం ఆడకూడదని.

"నేను నేర్పలేదు సార్" అన్నాడు శ్రీరంగప్ప. "నేను వచ్చేతలికే వాళ్ళకు వచ్చు."

ఎస్తేరు కళ్ళు మూసుకుంది. రామాంజినమ్మ నుదురు కొట్టుకుంది.

ప్రతాప్ గారి చెయ్యి గాల్లోనే ఆగింది. "మరి మీరు నేర్పిందేమిటి?"

"కూచోడం."

"అసలు మీకు ఆసనాలు వచ్చా?"

ఊరంతా మూడేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అది. గోడ అవతల మగవాళ్ళు మెడలు చాచారు. కుళ్ళాయప్ప ఎస్తేరు వైపు చూసి, చెప్పానా లేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

శ్రీరంగప్ప చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టాడు. పంచె ఎగ్గట్టి గోచీ బిగించాడు. నాపరాయి మీద మోకరిల్లి, వేళ్ళు వెనక్కి పెట్టి అరచేతులు రెండూ ఆనించి, మోచేతులు బొడ్డు దగ్గర పొదిగి ముందుకు వాలాడు. కాళ్ళు నేల వదిలాయి. అరవై నాలుగేళ్ళ మనిషి కర్రలా గాల్లో నిలిచాడు, రెండు అరచేతుల మీద, ఊపిరి తీస్తున్నాడో లేదో తెలియనంత నిదానంగా. ఎంతసేపంటే, కుళ్ళాయప్ప చేతిలో టీ మీద మీగడ కట్టింది.

తర్వాత మెల్లగా దిగి, చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకున్నాడు. "పదకొండేండ్లు పొద్దున మూడింటికి లేసి, అందరికన్నా ముందు చేస్తాంటి సార్. ఉప్పిట్టుకు రవ్వ వేయించేది అయిదింటికి కదా."

"ఇంత విద్య ఉంచుకుని వీళ్ళకెందుకు నేర్పలేదండీ?" ప్రతాప్ గారి గొంతులో ఇప్పుడు కోపం లేదు. ఆయనకూ తెలుసుకోవాలనే ఉంది.

శ్రీరంగప్ప చెప్పాడు. "మొదటి దినం నేర్పేకే వచ్చినాను సార్. కాళ్ళు చాపి కూచోని ముందుకు వంగండి అంటి. అందరూ వంగిరి. లేయండి అంటే ఒకామె లేయలేదు. ఒంట్లో ఏమో అయ్యిందని భయపడి దగ్గరకు పోయి చూస్తి. వంగినామె వంగినట్లే నిద్రపోయింది. లేపితే, పొద్దు పుట్టినాక ఇప్పుడే సార్ కూచునేది అనె. పొద్దున్నుంచీ వంగే ఉన్నోళ్ళను ఇంగ నేనేమి వంచేది?"

రామాంజినమ్మ తల వంచుకుని నాపరాయి మీద లేని మట్టిని గోటితో గీకుతోంది.

"ఊరికే గంటసేపు కూచుంటాం అంటే ఇండ్లల్లో ఒప్పుకోరు సార్. యోగా అంటే ఒప్పుకుంటారు. ఊరికే కూచోబెడితే వీళ్ళకే తప్పు చేసినట్ల ఉంటాది, లేసి పోతారు. అందుకే ఇంత శాస్త్రం చెప్పేది. గంట నిండాల కదా."

గోడ అవతల ఎర్రప్ప అందరి వెనక్కి జరిగాడు. ఎస్తేరుకు మూడేళ్ళ పుస్తకమంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ గుండ్రటి అక్షరాలు రోజూ ఒకే మాట ఎందుకు రాశాయో, కొత్తవాడు నిలబెడతాడని ఆయన ఎందుకు బాధపడ్డాడో తెలిసింది. ఆమెకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది, ఇన్నాళ్ళూ తనకు చెప్పనందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ప్రతాప్ గారు మంచివారే, కానీ ఆయన పైన కూడా ఒక ఆఫీసు ఉంది. లేచి ప్యాంటు దులుపుకున్నారు. "నాకు అర్థమైంది. కానీ కూచోడం అని రాస్తే నేను పై వాళ్ళకు చెప్పుకోలేను. రేపటి నుంచి రోజూ ఒక ఆసనం నేర్పాలి. యోగా పుస్తకాల్లో ఉన్న పేరే రాయాలి, ఫోటో తీసి పంపాలి. ఏ ఆసనమైనా మీ ఇష్టం. అది లేకపోతే మాత్రం నేను వేరే మనిషిని పంపక తప్పదు." జీపు ఎక్కి వెళ్ళిపోయారు.

మరునాడు నాలుగింటికి శ్రీరంగప్ప వసారాలోకి వచ్చేసరికి ఇరవై ఆరు మొహాలూ మాడిపోయి ఉన్నాయి. పారలు పట్టుకుని వచ్చిన చేతులతోనే ఎలా మెలికలు తిరగాలా అని ఎదురుచూస్తున్నారు.

"ఈ పొద్దు నుంచి ఆసనాలు నేర్చుకుందాం" అన్నాడు. "అందరూ పండుకోండి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వెల్లకిలా పండుకోండి. కాళ్ళు వదిలేయండి, చేతులు వదిలేయండి. దీన్ని శవాసనం అంటారు. శవం ఎట్లుంటాదో అట్లుండాల."

"అట్లుండి ఏమి చేయాల సార్?" అంది రామాంజినమ్మ అనుమానంగా.

"ఏమీ చేయకూడదు. అదే దీంట్లో కష్టం."

అయిదు నిమిషాల్లో ఇరవై ఆరు మందీ నాపరాళ్ళ మీద వాలిపోయారు. పది నిమిషాల్లో మొదటి గురక వినిపించింది. శ్రీరంగప్ప ఆ రోజు శాస్త్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఇక చెప్పాల్సిన అవసరం లేదు మరి. గోడకు ఆనుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఎస్తేరు ఫోటో తీసింది, పుస్తకంలో గడి నింపింది, పేరు తప్పు లేకుండా రాసింది. తర్వాత వెళ్ళి వసారా గేటు దగ్గర కాపలా నిలబడింది.

నాలుగున్నరకు ఎర్రప్ప వచ్చాడు.

"మేడం, ఆమెను రోంత పిలుస్తారా?"

"క్లాసు జరుగుతోంది."

"అందరూ నిద్రపోతాండారే."

"అదే ఆసనం. గవర్నమెంటు ఆర్డరు. మధ్యలో కదిలించకూడదు."

ఎర్రప్ప వెళ్ళలేదు. గేటు ఊచ పట్టుకుని, కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"లేపొద్దులే మేడం. ఆయమ్మను పండుకోనీ. ఒక మాట మీరే చెప్పండి. ముగ్గురికి సంగటి అంటే ఎసరు ఎన్ని చెంబులు పెట్టాల?"

ఎస్తేరు అన్నం వండే మనిషి, సంగటి కొలత ఆమెకు తెలియదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా మూడో వరుసలోంచి, కళ్ళు తెరవకుండా, ఒక్క వేలైనా కదపకుండా రామాంజినమ్మ పలికింది.

"రెండు చెంబులు పెట్టు. ఉప్పు మర్చిపోవాకు."

శ్రీరంగప్ప గోడ దగ్గర నుంచి పెదవుల మీద వేలు పెట్టుకుని, నిద్రపోతున్నవాళ్ళెవరూ లేవకుండా మెల్లగా అన్నాడు.

"శవాలు మాట్లాడకూడదమ్మా."